ఉదజని – రెండు విగ్రహవాక్యాలు

'ఉదజని' అనే మాట మీద నాకు మొదటినుంచీ మక్కువ. అది రసాయనశాస్త్రం వల్ల కలిగింది కాదు, వ్యాకరణం వల్ల కలిగింది. ఉదకశబ్దం సంజ్ఞావాచకాలలో పూర్వపదంగా వచ్చినప్పుడు 'ఉద' అవుతుందని పాణిని సూత్రం. ఉదధి అన్నప్పుడు జరిగింది అదే. 'జని' అంటే పుట్టుక. ఇక ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే రెండు చెప్పవచ్చు. ఉదకమును జనింపజేయునది – ఇది ఒకటి. ఉదకము వలన జనించునది – ఇది రెండవది. 1787లో పారిస్ నగరంలో గితాన్ ద మోర్వో, లవోయిజే మొదలైనవారు కొత్త రసాయన పరిభాషను ప్రకటించినప్పుడు గ్రీకు మాటలతో 'హైడ్రోజన్' అని కట్టింది మొదటి అర్థంలోనే. ఆ వాయువు మండితే నీరు పుడుతుంది గనుక. మన పాఠ్యపుస్తకాలవారు దానిని ఉదజని అని తెలిగించినప్పుడు, తెలిసో తెలియకో, రెండవ అర్థానికి కూడా తలుపు ఓరగా తీసి ఉంచారు. (ఆమ్లజనికి ఆ అదృష్టం పట్టలేదు. ఆమ్లాలన్నిటికీ ఆ వాయువే మూలమని లవోయిజే నమ్మాడు. 1810లో హంఫ్రీ డేవీ అది నిజం కాదని చూపాడు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయి, అనువాదంలో మనకూ సంక్రమించింది.)

ఈ రెండు విగ్రహవాక్యాలూ కాగితం మీద సమానమే గాని, ప్రకృతిలో కావు. మొదటిది పల్లానికి పారే కాలువ. ఉదజనినీ ఆమ్లజనినీ కలిపి ఒక్క నిప్పురవ్వ చూపితే చాలు, పెళ్ళున ధ్వని చేసి నీరైపోతాయి. రెండవది ఎత్తిపోతల పథకం. కిలో ఉదజని మండి నీరైనప్పుడు సుమారు 39 యూనిట్ల విద్యుత్తుకు సాటివచ్చే శక్తి బయటికి వస్తుంది. ఆ నీటిని మళ్ళీ విడగొట్టి అదే కిలో ఉదజనిని పొందాలంటే ఆ 39 యూనిట్లూ తిరిగి చెల్లించవలసిందే. ఈ అప్పును మాఫీ చేసే నాథుడు లేడు. 'నీళ్ళు పోస్తే నడిచే బండి' కనిపెట్టామని పత్రికలలో అప్పుడప్పుడూ ఫోటోలతో సహా ప్రత్యక్షమయ్యే మహానుభావులందరూ ఈ ఒక్క లెక్క దగ్గర తడబడేవారే.

నీటిని విద్యుత్తుతో విడగొట్టడం కొత్త విద్య కాదు. వోల్టా ఘటమాల సంగతి తెలిసిన కొద్ది వారాలలోనే, 1800లో, ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆ పని చేసి చూపారు. మన దేశంలో 1961లో మొదలైన నంగల్ ఎరువుల కర్మాగారంలో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ ఉదజనితోనే అమ్మోనియా చేశారు. అయినా నేడు ప్రపంచంలో ఏటా తయారయ్యే సుమారు పది కోట్ల టన్నుల ఉదజనిలో దాదాపు అంతా సహజవాయువు నుంచీ బొగ్గు నుంచీ వచ్చేదే. నీటినుంచి వచ్చేది నూటికి ఒక పాలు కూడా లేదు. కారణం పైన చెప్పిన అప్పే.

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది మా ఊరు. ఆదోనిలో నీళ్ళ సంగతి తెలియని తెలుగువారుంటే చెబుతాను. తుంగభద్ర దిగువ కాలువ నుంచి బసాపురం చెరువుకు వచ్చే నీరే మా పట్టణానికి ఆధారం. కాలువ కట్టేసిన వేసవులలో కొళాయి ముందు బిందెలు వరుసగా కూర్చుంటాయి, మనుషులు నీడన కూర్చుంటారు. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు. ఆ వరుసలో ఒకనాడు, మా వీధిలో పెద్దావిడ ఒకరు టీవీలో ఏదో విని వచ్చి నన్ను నిలదీసింది. "ఏం అయ్యవారూ, మనకు తాగేకి నీళ్ళు లేవు, ఈ నీళ్ళను పగలగొట్టి గ్యాసు చేస్తారంట కదా! యాడివి తెస్తారు నీళ్ళు?" ఈ ప్రశ్న నవ్వి తోసేయదగినది కాదు. దానికి జవాబు లెక్కలతోనే చెప్పాలి. ఆ లెక్క కాసేపట్లో చెబుతాను.

రెండవ కారణం నా పాత విద్యార్థి ఒకడు. ఎమ్మిగనూరులో నేను పనిచేసిన రోజుల్లో ఎనిమిదో తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకొన్నవాడు. సాలెల ఇంటి పిల్లవాడు. ఎమ్మిగనూరు అంటే మగ్గం. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించిన నాటినుంచి ఆ ఊరి పేరు దుప్పట్ల మీద దేశమంతా తిరిగింది. మావాడి తండ్రి ఆ తరం నేతగాళ్ళలో ఇంకా మిగిలి ఉన్నవాడు. కొడుకు ఇప్పుడు దూరదేశంలో ఒక ప్రయోగశాలలో లోహపరమాణువులను పాతికా ముప్ఫై చొప్పున గుంపులు కట్టి, ఆ గుంపులచేత నీటినుంచి ఉదజనిని తీయించే పని చేస్తున్నాడు. ఆ మధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. తన పరిశోధన గురించి తెలుగులో నాలుగు పేజీలు రాయాలట, వాళ్ళ నాయన చదవడానికి. "నానోక్లస్టర్‌ను తెలుగులో ఏమనల్ల సార్?" అన్నాడు.

ఇటువంటి ప్రశ్న అడిగితే పండితుడికి నిద్ర పట్టదు. నానో అనేది గ్రీకులో మరుగుజ్జుకు పేరు. కొలతగా తీసుకొంటే మీటరులో నూరు కోట్లవ వంతు. మరుగుజ్జు అంటే మనకు వామనుడు ఉండనే ఉన్నాడు. 'వామనగుచ్ఛము' అన్నాను. చిన్నగా ఉండి పెద్ద పని చేసేవాడని ధ్వని కూడా కలిసి వచ్చిందని మురిసిపోయాను. వాడు గౌరవంగా కాసేపు మౌనం వహించి, "మా నాయనకు అర్థం కాదు సార్" అన్నాడు. అయితే 'నానోగుత్తి' అను, ద్రాక్షగుత్తిలాగా, అన్నాను. "గుత్తి అంటే గుంతకల్లు పక్కన ఉండే గుత్తి అనుకుంటారు సార్!" చివరకు ఏ మాట వాడాడో తరువాత చెబుతాను. ముందు ఉత్ప్రేరకం అనే మాట సంగతి తేలాలి.

కెటాలిసిస్ అనే మాటను 1835లో స్వీడన్ రసాయనజ్ఞుడు బెర్జీలియస్ వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో దాని అర్థం 'ముడి వదులు చేయడం'. మనవారు ఉత్ప్రేరకం అన్నారు. ప్రేరణార్థక క్రియ మనకు పాఠంలో ఉన్నదే: చేయు – చేయించు, నేయు – నేయించు. నేయించేవాడు తాను మగ్గం మీద కూర్చోడు. ఆ పోలికతోనే కావచ్చు, 'ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు, వేగాన్ని మాత్రం పెంచుతుంది' అని పాత సైన్సు పుస్తకాలలో రాసి ఉండేది. మావాడు ఇక్కడ గట్టిగా అడ్డుతగిలాడు. పాల్గొనకపోవడమేమిటి సార్, చేతులు పెట్టి చేసేదే అది, అన్నాడు. నీటిలోని ఉదజని అయానులు ఒక్కొక్కటే వచ్చి లోహం మీద కూర్చుంటాయి. అక్కడ ఎలక్ట్రానును పుచ్చుకొని పరమాణువులవుతాయి. పక్కపక్కన కూర్చున్న రెండు పరమాణువులు జతకట్టి వాయువై లేచిపోతాయి. లోహం మళ్ళీ ఖాళీ అవుతుంది, మళ్ళీ కొత్తవాళ్ళు వస్తారు. "నాడె మాదిరి సార్. ఇటునుంచి అటు పోతాది, అటునుంచి ఇటు వస్తాది. నాడె పోకపోతే పేక పడదు. కానీ నేసిన గుడ్డలో నాడె ఉండదు."

ఇంత మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గ్రీకువాడి 'వదులు చేయడం' మన 'ప్రేరణ' కన్నా దగ్గరగా ఉందని కూడా దీనితో తేలింది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నాడె వల్ల నేత త్వరపడుతుందే గాని, నూలు ఖర్చు తగ్గదు. కిలోకు 39 యూనిట్ల అప్పు ఉత్ప్రేరకం వల్ల పైసా కూడా తగ్గదు. అయితే ఇప్పటి యంత్రాలలో కిలోకు అయ్యే ఖర్చు 39 కాదు, యాభై యూనిట్లకు అటూ ఇటూ. ఆ పైన పడే పది పన్నెండు యూనిట్లు దారిఖర్చు: చర్య మొదలు కావడానికి ఇవ్వవలసిన అదనపు తోపుడు, తీగలలో ద్రవంలో వేడిగా పోయేది. ఉత్ప్రేరకం చేయగలిగినదంతా ఆ దారిఖర్చులో కోత పెట్టడమే. ఎవరైనా అంతకుమించి చెబితే నమ్మకండి.

ఉదజని, ఉత్ప్రేరకం – ఈ జంట మా జిల్లాకు ఎప్పుడో వచ్చింది, వేరే దారిన. నా తరంవారికి వనస్పతి డబ్బా జ్ఞాపకం ఉంటుంది. నెయ్యి కొనలేని ఇళ్ళలో పండుగనాడు కనిపించే తెల్లని ముద్ద. ఖాళీ అయ్యాక ఆ డబ్బా బియ్యం కొలతకో, తులసి మొక్కకో పనికివచ్చేది. కర్నూలులో తుంగభద్ర ఇండస్ట్రీస్ అనే కర్మాగారం వేరుశనగ నూనెతో వనస్పతి చేసేది. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. ఆ బుడ్డల నూనెలోకి నికెల్ పొడి సమక్షంలో ఉదజనిని ఎక్కిస్తే పలుచని నూనె గట్టిపడుతుంది. ఈ కర్మాగారం పేరు న్యాయశాస్త్ర గ్రంథాలకు కూడా ఎక్కింది. పన్ను కట్టి బుడ్డలు కొని, వాటి నూనె అమ్మేవారికి అమ్మకపు పన్నులో ఆ మేరకు మినహాయింపు ఉండేది. ఉదజని ఎక్కించాక అది బుడ్డల నూనేనా, వేరే వస్తువా అన్నది వివాదం. శుద్ధిచేసిన నూనె నూనేనని హైకోర్టు ఒప్పుకొంది గాని, గట్టిపడినదాన్ని ఒప్పుకోలేదు. 1960లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి, ఉదజని ఎక్కినా అది వేరుశనగ నూనేనని తేల్చింది. తర్కం చదివినవారికి ఇందులో మంచి విందు ఉంది: ధర్మం మారితే ధర్మి మారినట్టా? ఈ సందేహంతో సర్వోన్నత న్యాయస్థానం మెట్లెక్కినవారు మా కర్నూలువారు కావడం నాకొక చిన్న గర్వం.

నికెల్ మీద ఉదజనిని ఇలా పనిచేయించవచ్చునని కనుగొన్నవాడు ఫ్రాన్సులోని తులూజ్ నగరపు పాల్ సబాతియే. 1912లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. నూనెలను గట్టిపరచే పద్ధతికి 1902లో జర్మనీలో నోర్మన్ పేటెంటు పొందాడు. సబాతియే చెప్పిన సూత్రమొకటి నేటి నానోక్లస్టర్ల దాకా దారి చూపుతోంది. ఉత్ప్రేరకం తన మీదికి వచ్చినదానిని మరీ గట్టిగా పట్టుకోరాదు, మరీ వదులుగానూ పట్టుకోరాదు. సత్రం అధికారి లాగన్నమాట. గడప దగ్గరే పొమ్మనేవాడి దగ్గర బాటసారి ఆగడు. వచ్చినవాణ్ణి కదలనీయకుండా కూర్చోబెట్టుకొనేవాడి సత్రంలో రెండోరోజుకు జాగా ఉండదు. ఉదజని విషయంలో టంగ్‌స్టన్ రెండో రకం. బంగారం మొదటి రకం. సరిగ్గా మధ్యన నిలిచేది ప్లాటినం. అందుకే నీటినుంచి ఉదజని తీయడంలో ప్లాటినానికి సాటి లేదు. చిక్కేమిటంటే అది భూమిలో బహు తక్కువ, బజారులో బహు ప్రియం. ఆమ్లజని పుట్టే రెండవ కొసన కొన్ని రకాల యంత్రాలకు ఇరిడియం కావాలి. అది ప్రపంచమంతా కలిపి ఏటా తవ్వి తీసేది ఏడెనిమిది టన్నులు, అంటే రెండు లారీల బరువుకు కూడా చాలదు.

ఇక బంగారం. మాకు ఇది పరాయి లోహం కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి నడుస్తూ కనిపిస్తారు. ఆ జొన్నగిరిలోనే బంగారం కూడా ఉంది. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ గని పనులు మొదలయ్యాయి. బ్రహ్మగిరి శాసనంలో అశోకుడి రాజకుమారుడు ఉన్నట్టు చెప్పిన సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితులు భావించారు. దగ్గరలో ఎర్రగుడి బండల మీద అశోకుని ధర్మలిపులు ఉన్నాయి కాబట్టి ఆ ఊహ మరీ గాలిమాట కాదు. రెండువేల ఏళ్ళుగా బంగారానికి మనం ఇచ్చిన గౌరవమంతా అది దేనితోనూ కలవదని, తుప్పు పట్టదని, నిప్పులో వేసినా వన్నె తప్పదని. ఉత్ప్రేరకంగా చూస్తే ఆ సుగుణమే అవగుణం. దేనినీ అంటనివాడు ఎవరికీ పని చేసిపెట్టడు.

కాని అదే బంగారాన్ని పరమాణువుల లెక్కకు తెచ్చి చూస్తే స్వభావం మారిపోతుంది. ఒక గ్రాము బంగారంలో సుమారు మూడు కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి. (కోటి అనే మాటను మూడుసార్లు అనడం అచ్చు తప్పు కాదు.) ఆ గ్రాము ఒక ముద్దగా ఉంటే బయటి ప్రపంచాన్ని చూసే పరమాణువులు లక్షలలో ఒకటి కూడా ఉండవు. తక్కినవన్నీ లోపల చీకట్లో ఉంటాయి. ఆదోని మార్కెట్ యార్డులో బుడ్డల రాశి ముందు నిలబడితే పైనున్న కాయలే మీకు కనబడుతాయి, ఇదీ అంతే. ఇప్పుడు రాశిని చిన్నది చేస్తూ పోండి. నడుమ ఒకటి, చుట్టూ పన్నెండు – మొత్తం పదమూడు పరమాణువులు. అందులో పన్నెండు బయటే ఉన్నాయి. దానిమీద ఇంకో పొర కడితే 55 అవుతాయి, బయటివి 42. మరొక పొరతో 147, బయటివి 92. పొర పెరిగేకొద్దీ సోమరులు పెరుగుతారు. ప్లాటినం వంటి ఖరీదైన లోహం విషయంలో దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. కొన్నదంతా పనిలోకి వస్తుంది.

మరొక విశేషం ఇంతకన్నా లోతైనది. పాతిక పరమాణువుల గుంపు లోహంలా ప్రవర్తించదు, అణువులా ప్రవర్తిస్తుంది. రంగు మారుతుంది, విద్యుత్తును పుచ్చుకొనే తీరు మారుతుంది. ఒక్క పరమాణువు తేడా వస్తే గుణం తేడా వస్తుంది. పద్యంలో గణం మారినట్టు. (మావాడికి ఈ పోలిక నచ్చింది, ఎనిమిదో తరగతి పాఠం వృథా కాలేదు.) ఇరవై ఐదు బంగారు పరమాణువులు, వాటిని కప్పి పద్దెనిమిది గంధకపు కొసలున్న సేంద్రియ అణువులు – ఈ కట్టడపు రూపం స్ఫటికాల ద్వారా 2008లో తేటతెల్లమైంది. నడుమ పదమూడు పరమాణువుల గుండు, తక్కిన పన్నెండు జతలుజతలుగా బయట కుట్టువేసినట్టు ఉంటాయి. మన పక్కనే మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రదీప్‌గారి బృందం ఇటువంటి గుంపుల మీద ఏళ్ళ తరబడి చేసిన పని లోకప్రసిద్ధం.

2017లో దక్షిణ కొరియా సోల్ నగరంలోని యోన్సె విశ్వవిద్యాలయం వారు, అమెరికా సహచరులతో కలిసి, ఆ పాతికలో నట్టనడుమ ఉన్న ఒక్క బంగారు పరమాణువును తీసి ప్లాటినం పరమాణువును కూర్చోబెట్టారు. ఇరవై నాలుగు బంగారం, ఒక్క ప్లాటినం. ఆ ఒక్కటి లోపల కూర్చొని తక్కినవాటి స్వభావాన్నే మార్చివేసింది. పొమ్మనే సత్రం కాస్తా రమ్మనే సత్రమైంది. ఉదజనిని పట్టుకొనే పట్టు దాదాపు మధ్యరేఖకు వచ్చింది. ప్లాటినం రేణువుల కన్నా కూడా ఇది చురుకుగా ఉదజనిని ఇచ్చిందని వారు ప్రకటించారు. మావాడి పని ఈ మార్గంలోదే, కాకపోతే వాడు బంగారాన్ని కూడా వదిలి రాగి, నికెల్ వంటి బీద లోహాలతో ఈ వేషం వేయించగలమా అని చూస్తున్నాడు. కర్నూలు వనస్పతి నాటి నికెల్ ఇలా మరో వేషంలో తిరిగివచ్చింది.

ఇందులో కష్టం కూడా చెప్పాలి. ఈ గుంపులను వాటిమానాన వదిలితే ఒకదానికొకటి అంటుకొని మళ్ళీ ముద్దలవుతాయి. అందుకే గంధకపు ముసుగు. ముసుగు వేస్తే లోపలికి దారి మూసుకొంటుంది. తీస్తే ముద్ద అవుతుంది. ఎంత ముసుగు ఉంచాలి, ఎంత తీయాలి అన్నదగ్గరే వాడి రాత్రులన్నీ గడుస్తున్నాయట.

ఇప్పుడు మా వీధి పెద్దావిడ ప్రశ్నకు వస్తాను. కిలో ఉదజనికి కావలసిన నీరు తొమ్మిది కిలోలు, అంటే తొమ్మిది లీటర్లు. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వం ఆమోదించిన జాతీయ హరిత ఉదజని పథకం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యంగా పెట్టుకొంది. గుణిస్తే నాలుగున్నర కోట్ల టన్నుల నీరు. టీఎంసీలలో చెబితే ఒకటిన్నరకు కాస్త పైన. శుద్ధి చేయడంలో పోయేది, యంత్రాలను చల్లబరచడానికి పోయేది కలిపి రెండు మూడింతలు అనుకొన్నా అయిదు టీఎంసీల లోపే. దేశం మొత్తానికి! మా తుంగభద్ర దిగువ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటాగా రాసిపెట్టినదే 24 టీఎంసీలు. (రాసిపెట్టినది అన్నాను. వచ్చేది అనలేదు. కాలువ చివర ఉన్నవారికి ఆ రెండు క్రియల తేడా బాగా తెలుసు.) కాబట్టి ఉదజని మన నీళ్ళన్నీ తాగేస్తుందనే భయం లెక్కకు నిలవదు.

నిలిచేది విద్యుత్తు లెక్క. 50 లక్షల టన్నులకు కిలోకు యాభై యూనిట్ల చొప్పున 25,000 కోట్ల యూనిట్లు కావాలి. మా ఉమ్మడి జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం ఉంది. మైళ్ళకొద్దీ నల్లని పలకలు. అది ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తుందనుకొంటే, అటువంటివి నూట ఇరవై అయిదు కావాలి. కిలోకు ఒక్క యూనిట్ దారిఖర్చు తగ్గించినా రెండున్నర సౌరకేంద్రాల భూమి మిగులుతుంది. మావాడి పాతిక పరమాణువుల గుంపు విలువ నాకు బోధపడింది ఈ భాగహారం చేసినప్పుడే.

అయినా ఆవిడ ప్రశ్న పూర్తిగా తీరలేదు. నీళ్ళు దేశం సరాసరిలో ఖర్చు కావు, ఒక ఊళ్ళో ఖర్చవుతాయి. 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పూడిమడక హరిత ఉదజని కేంద్రం రోజుకు 1,500 టన్నులు తీయడానికి ఉద్దేశించినది. తొమ్మిదితో గుణిస్తే రోజుకు కోటీ ముప్ఫై అయిదు లక్షల లీటర్లు. పట్టణవాసికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణంతో భాగిస్తే సరిగ్గా లక్షమంది నీళ్ళు. ఆదోని జనాభాలో సగానికి పైమాట. పూడిమడకకు పక్కనే సముద్రం ఉంది, ఉప్పునీటిని మంచినీటిగా మార్చుకొంటారు. దానికయ్యే ఖర్చు యాభై యూనిట్ల ముందు స్వల్పం. అదే కేంద్రం కాలువ చివరి ఆయకట్టులో వెలిస్తే? ఎండ మాకు కావలసినంత ఉంది, భూమి ఉంది. నీరే తూకం వేసి చూసుకోవాలి. ఉదజని మండితే నీరు తిరిగి వస్తుంది కదా అని ఒకరు నాతో వాదించారు. వస్తుంది, మొదటి విగ్రహవాక్యం ప్రకారం తప్పక వస్తుంది. కాని ఆ వాయువును మండించిన చోట వస్తుంది, ఏ విశాఖలోనో రోటర్‌డామ్‌లోనో. బసాపురం చెరువుకు రాదు. ఆవిడకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే సముద్రం పక్కనే పెట్టుకోమను" అంది.

ఉప్పునీటిని శుద్ధి చేయకుండానే విడగొట్టవచ్చు గదా అని మావాణ్ణి అడిగాను. అక్కడో మెలిక ఉందట. ఉప్పులోని క్లోరైడు ముందుకు దూరి ఆమ్లజనికి బదులు క్లోరిన్ పుట్టిస్తుంది, లోహాలను కొరికివేస్తుంది. క్లోరిన్‌ను పక్కకు నెట్టి ఆమ్లజనినే పుట్టించే ఉత్ప్రేరకాల కోసం వేరే జట్టు పనిచేస్తోందట. "మన బోరు నీళ్ళ ఉప్పుకు కూడా అదే మందు సార్" అన్నాడు. మా వైపు బోరు నీళ్ళు కాచిన పాత్ర అడుగు చూసినవారికి ఈ మాటలోని ఆశ అర్థమవుతుంది.

నాలుగు పేజీలూ వాడే రాశాడు. నేను అరసున్నలూ శకటరేఫలూ జోలికి పోకుండా, ఒత్తులు మాత్రం సరిచేశాను. నానోక్లస్టర్‌కు వాడు చివరికి వాడిన మాట 'చిట్టిగుంపు'. నిఘంటుకారులు ఏమంటారో గాని, తొలిసారి చదివినప్పుడు నా వామనగుచ్ఛం నాకే బరువుగా తోచింది. ఆ కాగితాలు అచ్చుతీయించి ఎమ్మిగనూరు బస్సెక్కాను. ముప్ఫై కిలోమీటర్ల దూరం కూడా లేదు. వాళ్ళ నాయన మగ్గం గుంటలోనే కూర్చొని, కళ్ళజోడు తుడుచుకొని, పెదవులు కదిలిస్తూ నాలుగు పేజీలూ చదివాడు. నాడె పోలిక దగ్గర ఆగి ఒకసారి పక్కనున్న నాడెను చూశాడు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న అడిగాడు.

"అరగదా సార్ ఇది? నాడె అయితే అరుగుతాది గదా. ఎన్నేండ్లు వస్తాది?"

అక్కడినుంచే కొడుక్కి ఫోన్ కలిపి ఆ ప్రశ్న అందించాను. కర్మాగారంలో యంత్రం యాభై అరవై వేల గంటలు, అంటే ఆరేడేళ్ళు, ఆగకుండా నడవాలట. వాడి చిట్టిగుంపులు ప్రస్తుతం పదుల గంటలు నిలుస్తున్నాయట. అది విని పెద్దాయన చాలాసేపు లెక్క వేసుకొన్నాడు. తరువాత నా చేతిలోని ఫోన్ వైపు వంగి, "అయితే ముసుగు నూలు మార్చి చూడు రా, గంజి సాలకపోతే పడుగు ఇట్లే తెగుతాది" అన్నాడు. అవతలినుంచి కాసేపు మాట రాలేదు. "అదే చూస్తాండా నాయనా, ఇంగో రకం గంధకంతో" అన్నాడు వాడు.